రెండో సూది పుస్తకంలో నా పేజీ

పరగడుపున వచ్చిన మనిషికి కింది నుంచి దోసె వాసన తగిలితే ఎంత కోపం వస్తుందో తెలియాలంటే నా ఉద్యోగం చేసి ఉండాలి. మా ల్యాబు దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీ నగర్‌కీ మధ్య, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో, టిఫిన్ సెంటరు పై అంతస్తులో ఉండేది. పొద్దున్న ఆరున్నరకే మెట్ల మీద క్యూ కట్టేవాళ్ళు. హయత్‌నగర్ నుంచి, అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి మొదటి బస్సెక్కి, డాక్టరు రాసిన చీటీ జేబులో పెట్టుకుని, రాత్రి నుంచి వట్టి మంచినీళ్ళ మీద ఉండి వచ్చేవాళ్ళు. ఒక పక్క ఆకలి, ఒక పక్క భయం, కింద అల్లం చట్నీ. అలాంటి మనిషి చెయ్యి పట్టుకుని సూది గుచ్చి రక్తం తీయడం ముప్పై ఏళ్ళ పైచిలుకు నా పని.

ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పిల్లలు కొందరు మా అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు. లిఫ్టులో కనబడితే "ఆంటీ, మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడుగుతారు. లిఫ్టు నాలుగో అంతస్తు చేరేలోపు చెప్పే సంగతులు కావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్ల గురించి రాయను. మా వృత్తిలో ఆ ముచ్చట పెద్దగా లేదు. టెక్నీషియన్‌గా చేరాను, సీనియర్ టెక్నీషియన్‌గా దిగాను. ఆ 'సీనియర్' కూడా జుట్టు తెల్లబడిందని మొహమాటానికి ఇచ్చినట్టుంది.

హస్తవాసి

నా పేరు వరలక్ష్మి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పడ్డాను. పేషెంట్లకు మాత్రం నేను వరమ్మను. "వరమ్మ చెయ్యి మంచిది, ఒక్కటే సూది, తెలిసేలోపల అయిపోతది" అని ఊళ్ళకు ఊళ్ళు చెప్పుకునేవి. ల్యాబు యజమాని, పెథాలజీ చదివిన డాక్టరు గారు, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే నన్ను చూపించి "షీ ఈజ్ ఎ నాచురల్. పుట్టుకతోనే వచ్చింది" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల లడ్డూ తిన్నట్టు ఉండేది.

మా అత్తగారు ఇంకో మెట్టు పైకి వెళ్ళి, మా పుట్టింట్లో ఎవరో ఆయుర్వేద వైద్యుడు ఉండి ఉండాలని తీర్మానించారు. మా తాత బట్టల కొట్లో గుడ్డలు చింపేవాడని చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అని సామెత చెప్పి నోరు మూయించారు.

ఒకసారి ఒకాయన హయత్‌నగర్‌లో మటన్ కొట్టు పెడుతూ, బోణీ నా చేత్తో చేయించాలని ఆటో మాట్లాడి మరీ తీసుకెళ్ళాడు. మేము శాకాహారులం. చేసేది లేక ఆయన చేతిలో నోటు పెట్టి, మాంసం ఆయన మేనల్లుడికి ఇప్పించి వచ్చాను. కొట్టు బాగా నడిచింది. అదీ నా ఖాతాలోనే పడింది.

ఇక పుట్టుకతో వచ్చిందన్న చెయ్యి సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రక్తం తీసిన మొదటి మనిషి ఒక కానిస్టేబుల్. మీసాలు చూస్తేనే దడ పుట్టేది. మూడుసార్లు గుచ్చాను, చుక్క రాలేదు. నాలుగోసారి సూది ఎత్తగానే ఆయన కళ్ళు తేలేసి కుర్చీలోంచి జారిపోయాడు. ఆయనకు మంచినీళ్ళు తాగించింది కూడా నేను కాదు, నేనూ ఒక మూల కూర్చుని ఏడుస్తున్నాను.

అప్పుడు నన్ను బాగుచేసింది సత్తార్ సాబ్ అని, అక్కడి పాత టెక్నీషియన్. నా చేతికే రబ్బరు పట్టీ కట్టించి, "కండ్లు బంద్ చెయ్. ఏలుతోని చూడు. కండ్లకు అగుపడే నరం దగా చేస్తది, ఏలికి తగిలేదే అసలుది" అన్నాడు. ఆరు నెలలు అదే పని. ఇంట్లో టీవీ చూస్తూ మా ఆయన చెయ్యి పట్టుకుని మోచేతి మడతలో వేలితో వెతికేదాన్ని. చుట్టాలొస్తే ఆయన "ప్రేమ అనుకునేరు, నరం వెతుకుతోంది" అని ముందే చెప్పేవారు. పుట్టుకతో వచ్చిన విద్య వెనకాల మా ఆయన ఎడమ చెయ్యి ఉందని ఎవరికీ తెలియదు.

అసలు పని

సందు దొరికింది కాబట్టి పిల్లలకు నాలుగు మాటలు చెబుతాను. నొప్పి ఉండదని చెప్పకండి. ఉంటుంది, ఆ అబద్ధం అర నిమిషంలో బయటపడుతుంది. గుచ్చే ముందు "ఇప్పుడు" అని ఒక్క మాట అనండి చాలు. రక్తం పట్టిన గొట్టం మీద పేరు పేషెంటు ఎదురుగానే రాయండి, నాకు గుర్తుంటుందిలే అనుకోకండి. అన్నిటికన్నా ముఖ్యం, నరం దొరకనప్పుడు "మీ నరాలే సరిగా లేవమ్మా" అనకండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది. అప్పటికే జబ్బుతో వచ్చిన మనిషికి నరాలు కూడా పనికిరానివని చెప్పి పంపితే ఏం బాగుంటుంది?

ఇవన్నీ నేను పాటించాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను చేసిన తప్పు.

పేరు కాపాడుకునే విద్య

పేరొచ్చిన ఐదారేళ్ళకు ఒక ముసలమ్మ వచ్చింది. ఎముకల మీద కాగితం అతికించినట్టు చర్మం. ఆమె కోడలు అందరికీ వినబడేలా "వరమ్మ కోసమే మూడు బస్సులు మారి ఒచ్చినం" అంది. గుచ్చాను. రాలేదు. క్యూలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. కోడలు మొహంలో నమ్మకం కొంచెం కొంచెం జారిపోవడం నేను చూశాను. నిజం చెబుతున్నా, ఆ ముసలమ్మ నొప్పి కంటే కోడలి చూపు నన్ను ఎక్కువ బాధపెట్టింది. రెండోసారి గుచ్చడానికి ధైర్యం చాలక, పక్క గదిలో ఉన్న జూనియర్‌ని పిలిచి "నువ్వు చెయ్యమ్మా, నేర్చుకోవాలి కదా" అన్నాను.

ఆ 'నేర్చుకోవాలి కదా' అన్న మాట ఎంత సుఖంగా ఉందంటే, దాన్ని పదిహేనేళ్ళు వాడుకున్నాను. చెయ్యి చూడగానే తెలిసిపోయేది ఇది మొండికేసే నరమని. వాచిన చేతులు, బొద్దుగా ఉండే చంటిపిల్లల చేతులు, మందులతో గట్టిపడిన చేతులు. ముట్టుకోకుండానే "రెండో గదికి వెళ్ళండి, అక్కడ ఖాళీగా ఉంది" అనేదాన్ని. టోకెన్ కౌంటర్లో కూర్చునే యాదగిరిది నల్లగొండ దగ్గర ఊరు, కనిపెట్టే మనిషి. కొన్నాళ్ళకు నేను చెప్పనక్కర్లేకుండానే వచ్చినవాళ్ళ చేతులు చూసి, మంచి నరాలు నాకు, కష్టమైనవి రెండో గదికి పంపడం మొదలుపెట్టాడు. ఎవరూ హుకుం ఇవ్వలేదు. ల్యాబు నా పేరు మీద నడుస్తోంది, ఆ పేరు పోకూడదు, అంతే.

ఆ రెండో గదిలోకి ఎంతమంది జూనియర్ పిల్లలు వచ్చి వెళ్ళారో లెక్క లేదు. మూడు నెలలు, ఐదు నెలలు ఉండి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయేవారు. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని నేను టీ తాగుతూ తీర్పు చెప్పేదాన్ని.

స్వరూప

నా రిటైర్మెంటుకు ఇంకా ఏడెనిమిది నెలలున్నాయనగా స్వరూప చేరింది. చౌటుప్పల్ అవతల పల్లె, ఇరవై రెండేళ్ళు ఉంటాయి. నాన్న లారీ డ్రైవరు, నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు. కర్మన్‌ఘాట్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి గది కిరాయికి తీసుకుంది. ఆరు నెలలు పనిచేస్తే అనుభవం సర్టిఫికెట్ ఇస్తామన్నారు. మధ్యలో తీసేస్తే అది రాదు. అది లేకపోతే ఇంకే ల్యాబులోనూ తలుపు తియ్యరు. ఆ అమ్మాయికి అరచేతులు చెమటలు పట్టేవి. గ్లవ్స్ తొడుక్కునే ముందు ప్రతిసారీ చున్నీకి తుడుచుకునేది.

సరిగ్గా అప్పుడే ఎవరో పేషెంటు తాలూకు మనిషి మూడుసార్లు గుచ్చారని గొడవ చేశాడు. డాక్టరు గారు ఒక లాంగ్ నోట్‌బుక్ కొని కౌంటర్లో పెట్టారు. ఒకే మనిషికి రెండోసారి గుచ్చాల్సి వస్తే, గుచ్చినవాళ్ళు తమ పేజీలో తేదీ రాసి సంతకం చెయ్యాలి. యాదగిరి దానికి 'రెండో సూది పుస్తకం' అని పేరు పెట్టాడు. ఎడమ పక్క నా పేజీ, కుడి పక్క స్వరూప పేజీ. నాలుగు నెలలకు ఆమె పేజీ నిండి రెండోది మొదలైంది. నాది పెళ్ళిపత్రికలా తెల్లగా ఉంది.

డాక్టరు గారు నన్ను పిలిచి ఆ పుస్తకం తెరిచి పెట్టారు. నెలాఖరుకు ఆ అమ్మాయిని పంపించేద్దామనుకుంటున్నానని, ఒక్కసారి నా అభిప్రాయం కావాలని అన్నారు. "నువ్వు చూసే చెప్పగలవు వరలక్ష్మీ. ఆ అమ్మాయిలో అది ఉందా, లేదా?" అని అడిగారు.

నేను పెద్దగా ఆలోచించలేదు. కింది నుంచి టీ వచ్చింది, చల్లారిపోతోంది. "చెయ్యి అందరికీ రాదు కదండీ" అన్నాను. అంతే. అయిదు మాటలు కూడా లేవు. వాటితో ఒక పిల్ల తిండి తీసేశానన్న స్పృహ కూడా లేకుండా టీ తాగాను.

టీచరు గారు

రెండు రోజుల తర్వాత టీచరు గారు వచ్చారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, గుంటూరు వైపు మనిషి, వనస్థలిపురంలో ఉండేవారు. క్యాన్సరుకు మందు ఎక్కించుకుంటున్నారు. ప్రతి మూడు వారాలకూ రక్తం పరీక్ష చేయించాలి. ఆ మందులకు నరాలన్నీ మాడిపోయి తాళ్ళలా బిగుసుకుపోయాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి చూసి నేనే రెండో గదికి పంపాను.

ఆ రోజు క్యూ పలచగా ఉంది. స్వరూప ఎటూ వెళ్ళిపోతోంది, ఆవిడను ఇక నేనే చూసుకోవాలి అనుకుని "రండి టీచరు గారూ, ఈవేళ నేను తీస్తాను" అని కుర్చీ చూపించాను. ఆవిడ మొహమాటంగా నవ్వారు.

"ఏమీ అనుకోకండి వరలక్ష్మి గారూ. ఆ అమ్మాయినే పిలవండి. నా నరాలు తనకి అలవాటయ్యాయి."

ముప్పై ఏళ్ళలో నన్ను కాదని ఇంకొకరిని పిలవమన్న మొదటి మనిషి ఆవిడే. చెంప మీద కొట్టినట్టయింది. సరే చూద్దాం అని రెండో గది తలుపు దగ్గర నిలబడ్డాను.

స్వరూప తొందరపడలేదు. ఒక సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, టీచరు గారి అరచేతిలో పెట్టింది. ఆ సీసా, ఆ గుడ్డ ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నవి. ఆవిడ మనవరాలి పరీక్షల గురించి అడుగుతూ చెయ్యి కిందికి వేలాడదీయించింది. మోచేతి మడత జోలికే పోలేదు. కళ్ళు మూసుకుని, మణికట్టుకు పైన బొటనవేలి వైపు వేలితో మెల్లగా వెతికింది. నాకు సత్తార్ సాబ్ గుర్తొచ్చాడు. నేనామెకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు, తనంతట తాను కనుక్కుంది. చిన్నపిల్లలకు వాడే సన్న సూది తీసుకుని "ఇప్పుడు" అంది. ఒక్కటే సూది. గొట్టంలోకి రక్తం దిగింది.

ఆ నరంలోంచి నేను రక్తం తియ్యలేను. తలుపు దగ్గర నిలబడి ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. పదిహేనేళ్ళుగా సులువైన చేతులే ముట్టుకున్న నా వేలికి, తెలిసిన విద్య సగం పోయింది. నాలుగు నెలలుగా నేను తోసేసిన చేతులన్నీ పట్టుకుని ఈ పిల్ల నన్ను దాటిపోయింది. ఈ పిల్లకా నేను చెయ్యి లేదన్నది?

డాక్టరు గారి గదిలో

ఆ సాయంత్రమే వెళ్ళి డాక్టరు గారికి మొత్తం చెప్పాను. ముసలమ్మ దగ్గర్నుంచి, యాదగిరి టోకెన్ల దాకా. ఆయన ముందు నవ్వారు, నేను పెద్దమనసుతో ఆ పిల్లను కాపాడుతున్నాననుకున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నా మంచితనం కూడా అలాంటిదేనని మెచ్చుకున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"మంచితనం కాదు సార్. ఆ పుస్తకంలో ఆ అమ్మాయి పేజీలో ఉన్నవన్నీ నేను పంపిన చేతులే. వారం రోజులు టోకెన్ వరసలోనే పంపమనండి, ఎవరికి ఎవరు వస్తే వాళ్ళు. అప్పుడు చూడండి" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయనా వ్యాపారం చేస్తున్నారు కదా. "నీ పేరు విని వస్తున్నారు జనం. వెళ్ళిపోయే ముందు అది చెడగొట్టుకుంటావా?" అన్నారు.

"నా పేరు పోతే నాలుగు నెలలు ముందే ఇంట్లో కూర్చుంటాను. ఆ అమ్మాయిని పంపిస్తే ఎక్కడా చేర్చుకోరు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే వారం అన్నారు.

బయటికొచ్చి యాదగిరికి చెబితే తల పట్టుకున్నాడు. "గిదేంది మేడం, నడిచే బండికి అడ్డం పడుతుండ్రు" అన్నాడు. చెప్పినట్టు మాత్రం చేశాడు.

ఆ వారం ఎలా గడిచిందో అడగకండి. మొదటి రోజే ఒక చంటిపిల్లాడు, వాడికి రెండుసార్లు. రెండో రోజు డయాలసిస్ చేయించుకునే పెద్దాయన. మూడో రోజు ఇద్దరు. ప్రతిసారీ కౌంటర్ దాకా నడిచి, అందరి ముందూ నా తెల్ల పేజీలో తేదీ రాసి సంతకం పెట్టాను. క్యూలో గుసగుసలు మొదలయ్యాయి. వరమ్మ చేతికి దిష్టి తగిలిందని తేల్చారు. మటన్ కొట్టాయన కబురు తెలిసి నిమ్మకాయ, ఎండు మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి నా కుర్చీకి కట్టి వెళ్ళాడు. డాక్టరు గారు అది చూసి కూడా చూడనట్టు పోయారు.

శనివారం పుస్తకం తెరిస్తే నా పేజీలో సంతకాలు స్వరూపవాటి కంటే ఎక్కువున్నాయి. డాక్టరు గారు చూసి పుస్తకం మూశారు. స్వరూప ఉద్యోగం ఉంది, వరస టోకెన్లూ ఉండిపోయాయి. ఆ రోజు నుంచి ఆయన నోట 'నాచురల్' అన్న మాట నేను వినలేదు.

స్వరూపకు క్షమాపణ చెప్పాలని మెట్ల దగ్గర ఆపాను. నేను మొదలుపెట్టేలోపే ఆమె అందుకుంది.

"నాకెరుకే మేడం. మొదటి వారమే ఎరుకైంది. గట్టి నరాలు ఒస్తే పని జల్ది ఒస్తదని సప్పుడు చెయ్యలే. గానీ బుక్కుల గన్ని సంతకాలు పెట్టుకుంట ఉంటే రాత్రి నిద్ర పట్టకపోతుండె. నాకే ఒస్తలేదేమో అనుకున్న."

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పేరు కోసం కష్టమైన చేతులు తోసెయ్యడం ఒక ఎత్తు, తనకు రాదని ఒక మనిషి నమ్మేలా చెయ్యడం ఒక ఎత్తు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయిన మిగతా పిల్లలు కూడా అలాగే నమ్మి వెళ్ళారేమో. వాళ్ళలో ఒక్కరి అడ్రసూ నా దగ్గర లేదు.

ఈ మధ్య

రిటైరయ్యాక నాకూ షుగరు వచ్చింది. మొన్న మూడు నెలల పరీక్షకు పరగడుపున మా ల్యాబుకే వెళ్ళాను. కింద దోసె వాసనకు నాకూ కోపం వచ్చింది. ఇన్నాళ్ళకు ఆ మెట్ల మీద నిలబడిన వాళ్ళందరి పక్షానా ఆ టిఫిన్ సెంటరు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను.

ఇప్పుడు మొదటి గది స్వరూపది. నా ముందున్నావిడ పక్కనున్నావిడతో "ఈ పిల్ల చెయ్యి మంచిది, పుట్టుకతోనే ఒచ్చింది ఈమెకు" అంటోంది. నేను నోరు మూసుకుని టోకెన్ పట్టుకుని కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. స్వరూప నా చెయ్యి పట్టుకుని వేలితో వెతికి "ఇప్పుడు" అంది. గుచ్చింది. రాలేదు. వయసు మీద పడ్డాక నా నరాలూ మొండికేశాయి. క్యూలో అందరూ మెడలు సాచారు. ఆ మెడలు నాకు బాగా తెలుసు.

స్వరూప సూది తీసి, దూది అద్ది, లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. యాదగిరి పుస్తకం తెరిచాడు. తేదీ రాసి సంతకం పెట్టి, చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని తిరిగొచ్చి కూర్చుంది. మొహంలో ఏ మార్పూ లేదు. అరచేతులు చున్నీకి తుడుచుకోవడం కూడా లేదు.

"ఎడమ చెయ్యి ఇయ్యమ్మా. జర పిడికిలి బిగించు" అంది.

మొహం మారకుండా రెండో సూదికి కూర్చోవడం, ముప్పై ఏళ్ళలో నాకు చేతకాని పని అది. ఎడమ చెయ్యి ఇచ్చాను.